పందుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా: షెడ్డులో, కోత గదిలో ఏ జాగ్రత్త దేనికి?

షెడ్డు_భద్రత (ప్రశ్న)

నమస్కారం. పందుల షెడ్డు, దానికి ఆనుకుని చిన్న కోత గది ఉన్నచోట పనిచేసేవాళ్ల కోసం ఒక పేజీ సూచనలు రాయాలి. దొరికిన కాగితాలన్నీ ఒకే పాట పాడుతున్నాయి: చేతులు కడుక్కోండి, మాస్క్ పెట్టుకోండి, జబ్బు పందిని ముట్టుకోవద్దు. ఏ సూక్ష్మజీవి ఏ దారిన ఒంట్లోకి వస్తుందో, ఏ పనిలో ఏది ప్రమాదమో ఎవరూ రాయలేదు. తెలిసినవాళ్లు వీటికి జవాబు చెప్పగలరా?

1. వైరస్‌లను పక్కనపెడితే, బ్యాక్టీరియాలో నిజంగా పట్టించుకోవాల్సినవి ఏవి?
2. కత్తితో చెయ్యి తెగితే వెంటనే ఏం చేయాలి? యాంటీబయాటిక్ ముందే మింగాలా?
3. బ్లీచింగ్ ఎంత కలపాలి, ఎప్పుడు చల్లాలి?
4. తర్వాత జ్వరం వస్తే డాక్టర్‌కు ఏం చెప్పాలి, ఏ పరీక్షలు అడగాలి?

ఇంకొకటి. "పందులు బాగానే తింటున్నాయి, తిరుగుతున్నాయి, మరి ఇదంతా ఎందుకు?" అని పనివాళ్లు తప్పకుండా అడుగుతారు. దానికీ ఒక మాట కావాలి.

---

పంది_వైద్యం

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మీరు చూసిన కాగితాల్లో "జబ్బు పందిని ముట్టుకోవద్దు" అన్న సలహా సగమే నిజం. మనిషికి ప్రమాదకరమైన బ్యాక్టీరియాలో చాలావాటిని ఆరోగ్యంగా కనిపించే పందే మోస్తుంది. స్ట్రెప్టోకాకస్ సూయిస్ దాని టాన్సిల్స్‌లో, ముక్కులో కాపురం ఉంటుంది. యెర్సీనియా, ఎరిసిపెలోథ్రిక్స్ కూడా టాన్సిల్స్‌లోనే. లెప్టోస్పైరా కిడ్నీలో దాక్కుని మూత్రంలో బయటికొస్తుంది. మందులకు లొంగని స్టెఫైలోకాకస్ ముక్కులో, చర్మం మీద ఉంటుంది. ఈ పందులన్నీ శుభ్రంగా మేత తింటూనే ఉంటాయి. కాబట్టి పనివాళ్లకు చెప్పాల్సింది ఇది: పంది తల, నోరు, గొంతు, మూత్రం, ఈతలో వచ్చే మావి, రక్తం ఎప్పుడైనా సరే సోకించేవే అనుకుని పనిచేయండి.

పేజీని జబ్బుల పేర్లతో విభజించకండి, దారుల వారీగా విభజించండి. పనివాడికి పేరు గుర్తుండదు, చేస్తున్న పని గుర్తుంటుంది.

చర్మం తెగిన చోటు నుంచి వచ్చేవి: స్ట్రెప్టోకాకస్ సూయిస్, ఎరిసిపెలోథ్రిక్స్. కంట్లో, నోట్లో, పగిలిన చర్మం మీద చిమ్మితే వచ్చేవి: లెప్టోస్పైరా, బ్రూసెల్లా సూయిస్. దుమ్ముతో ముక్కులో చేరేది: పైన చెప్పిన మందులకు లొంగని స్టెఫైలోకాకస్, అంటే ఎంఆర్ఎస్ఏ. అందులో పశువుల రకం పేరు సీసీ398. చేతి నుంచి నోటికి, మాంసం నుంచి నోటికి వచ్చేవి: యెర్సీనియా, సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ కోలి. ఉడకని రక్తం, మాంసం తింటే స్ట్రెప్టోకాకస్ సూయిస్ కూడా ఈ దారిలో వస్తుంది.

వీటిలో ప్రాణం మీదికి తెచ్చేది, పైగా అందరికన్నా తక్కువ తెలిసినది స్ట్రెప్టోకాకస్ సూయిస్. మనుషుల్లో దీన్ని మొదట గుర్తించింది 1968లో, డెన్మార్క్‌లో. 2005లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో 215 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది జబ్బుతో ఉన్న లేదా చచ్చిన పందులను ఇంటి దగ్గరే కోసిన రైతులు. వియత్నాంలో పెద్దవాళ్లకు వచ్చే బ్యాక్టీరియా మెనింజైటిస్‌కు (మెదడు పొరల వాపుకు) ముఖ్య కారణం ఇదే.

పందుల్లో ఇది ఎక్కువగా తల్లిపాలు మాన్పించిన తర్వాత, 5 నుంచి 10 వారాల వయసు పిల్లల్లో కనిపిస్తుంది. పిల్ల పక్కకు పడిపోయి ఈత కొడుతున్నట్టు కాళ్లాడిస్తుంది, కీళ్లు వాస్తాయి, కొన్ని ఏ లక్షణమూ లేకుండా రాత్రికి రాత్రే చస్తాయి. అలా చచ్చిన పిల్లను "ఎందుకు చచ్చిందో చూద్దాం" అని షెడ్డులో కోయడమే ఈ జాబితా మొత్తంలో అతి ప్రమాదకరమైన పని. మెదడు, కీళ్ల ద్రవం, రక్తం అన్నీ బ్యాక్టీరియాతో నిండి ఉంటాయి. దాన్ని సంచిలో కట్టి పశువైద్యుడికి ఇవ్వండి. మాంసానికైతే అసలే వద్దు.

ఇది బయట ఎంతకాలం బతుకుతుందన్నదీ రాయండి. పెంటలో 22–25 డిగ్రీల వేడిలో 8 రోజులు, 0 డిగ్రీల దగ్గర 100 రోజులు దాటి బతుకుతుంది. 4 డిగ్రీల దగ్గర ఉంచిన కళేబరంలో 6 వారాలు ఉంటుంది. దుమ్ములో మాత్రం వెచ్చగా ఉంటే ఒక రోజులోపే చస్తుంది. 60 డిగ్రీల వేడి పది నిమిషాలు తగిలితే పోతుంది. చల్లగా ఉంచితే దీనికి ఆయుష్షు పోసినట్టే, ఫ్రిజ్‌లో పెట్టిన తలకాయను కూడా పచ్చి తలకాయలాగే చూడాలి.

స్వైన్ ఫ్లూ, మెదడువాపు వైరస్‌లు, బద్దెపురుగు వేరే పేజీకి వదిలేయండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అయితే మనిషికి సోకనే సోకదు. దాని గురించి భయపెట్టి అసలు వాటిని మరిచిపోయేలా చేయవద్దు.

---

మంట_మీద_కుండ

డాక్టర్ గారూ, ఒక సందేహం. బాగా ఉడికిస్తే ఇవన్నీ చస్తాయి కదా. గ్లవ్స్ వేసుకుని కోసి, కుక్కర్‌లో ఉడికిస్తే సరిపోదా? ఇంత గొడవ అవసరమా?

---

కోత_గది

ఉడికించడం తినేవాణ్ని కాపాడుతుంది, కోసేవాణ్ని కాదు. తెగిన వేలు కుక్కర్ దాకా ఆగదు కదా.

గ్లవ్స్ సంగతి. నైట్రైల్ గ్లవ్స్ రక్తాన్ని ఆపుతాయి, కత్తిని ఆపవు. విరిగిన ఎముక ముక్క, పక్కటెముక కొన, పంది పన్ను కూడా వాటిని చీల్చుకుని పోతాయి. కత్తి పట్టని చేతికి స్టీలు జాలీ గ్లవ్ ఉండాలి, దాని కింద నైట్రైల్. వరస తిప్పకండి. జాలీ గ్లవ్ కోతను ఆపుతుంది గానీ పొడుపును ఆపదు, సన్నని కత్తి మొన రింగుల మధ్య నుంచి దూరుతుంది. దాన్ని విప్పగానే బ్రష్‌తో రుద్ది, డిటర్జెంట్‌తో కడిగి, వేడినీళ్లలో పెట్టి ఆరబెట్టాలి. రింగుల సందుల్లో కొవ్వు, మాంసం ముక్కలు ఇరుక్కుంటాయి. నిన్నటి జాలీ గ్లవ్‌ను కడగకుండా తొడుక్కుంటే నిన్నటి పందిని చేతికి తొడుక్కున్నట్టే.

చేతి మీద పాత గాయం ఉంటే ముందు నీళ్లు చొరని ప్లాస్టర్, దాని పైన గ్లవ్. గంటల తరబడి రబ్బరు గ్లవ్‌లో చెమటపట్టిన చెయ్యి నాని, గోళ్ల పక్కన పగులుతుంది, ఆ పగులే తలుపు. రెండు గంటలకోసారి గ్లవ్ మార్చి, చెయ్యి తుడిచి ఆరనివ్వండి.

కోసే పద్ధతిలో మూడు చోట్ల తేడా వస్తుంది.

మొదటిది తల. టాన్సిల్స్ అంగిలి మీద, గొంతు మొదట్లో ఉంటాయి. తలను రెండుగా చీలిస్తే, నాలుకను గొంతుతో సహా లాగితే, ఆ కత్తే యెర్సీనియాను, స్ట్రెప్టోకాకస్ సూయిస్‌ను మిగతా మాంసానికి పూస్తుంది. వీలైతే తలను చీల్చకుండా వేరు చేసి పక్కన పెట్టండి. దానికి వాడిన కత్తితో వేరే భాగం ముట్టుకోవద్దు.

రెండోది పెద్దపేగు చివర. ఆసనం చుట్టూ కోసి వదులు చేయగానే ప్లాస్టిక్ సంచి తొడిగి దారంతో కట్టేయండి. అది కట్టకపోతే పొట్ట తెరిచినప్పుడు పెంట కటి భాగమంతా జారుతుంది. యెర్సీనియా, సాల్మొనెల్లా రెండూ తగ్గే చవకైన పని ఇది.

మూడోది కత్తి. ఒక్కొక్కరికి రెండు కత్తులు. ఒకటి చేతిలో, రెండోది 82 డిగ్రీల నీళ్ల తొట్టెలో. ముందు కత్తిని కడగాలి, తర్వాతే ముంచాలి. రక్తంతో ఉన్న కత్తిని నేరుగా వేడినీళ్లలో పెడితే రక్తం పొరలా గట్టిపడి, కింద బ్యాక్టీరియా భద్రంగా ఉంటుంది. థర్మామీటర్ పెట్టి చూడండి, "చెయ్యి కాలుతోంది" అంటే 55 డిగ్రీలు కూడా కావచ్చు.

వెంట్రుకలు తీయడానికి పందిని ముంచే వేడినీళ్ల తొట్టె 60 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఆ నీళ్లను నమ్మి శుభ్రమైపోయింది అనుకోవద్దు. తర్వాత మంటతో కాల్చినప్పుడు పైచర్మం మీదివి చాలా చస్తాయి, గీకే పనిముట్టుతో మళ్లీ అంటుకుంటాయి.

తినే సంగతి: పెద్ద ముక్కకు లోపల 63 డిగ్రీలు తగిలి మూడు నిమిషాలు ఆగాలి. కైమాకు 71 డిగ్రీలు, ఎందుకంటే కైమా కొట్టినప్పుడు పైన ఉన్నది లోపలికి పోతుంది. రంగు చూసి తేల్చవద్దు. యెర్సీనియా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది, డీప్ ఫ్రీజర్‌లో పెరగదు గానీ చావదు. పేగులు ఇంట్లో కడిగేచోట చిన్నపిల్లలు ఉండకూడదు. 1988–89లో అమెరికాలోని అట్లాంటాలో పసిపిల్లలకు యెర్సీనియా సోకింది ఇలాగే. ఆ పిల్లలు పేగులను ముట్టుకోలేదు, పేగులు కడిగినవాళ్ల చేతులే పాలసీసాలు పట్టుకున్నాయి.

---

షెడ్డు_భద్రత

చాలా ఉపయోగపడింది. ఇంకా రెండు: చెయ్యి తెగిన వెంటనే చేయాల్సింది. తర్వాత, తెగిన రెండు మూడు రోజులకు వేలు ఊదారంగులోకి తిరిగి బాగా సలపడం కోత పనివాళ్లలో ఉంటుందని విన్నాను. చీము ఉండదట. అది ఏమిటి, గోరుచుట్టేనా?

---

వార్డు_డ్యూటీ

గోరుచుట్టు కాదు. మీరు చెప్పింది అచ్చంగా ఎరిసిపెలాయిడ్. కారణం ఎరిసిపెలోథ్రిక్స్ రూసియోపతియే. పందుల్లో చర్మం మీద డైమండ్ ఆకారపు ఎర్రమచ్చలు తెచ్చేది ఇదే. పందులకు టీకా ఉంది, మనుషులకు లేదు. చేపలు, కోళ్ల పని చేసేవాళ్లకూ వస్తుంది.

గుర్తుపట్టడం ఇలా. గుచ్చుకున్న 2 నుంచి 7 రోజుల్లో వేలి మీద ఎరుపు, ఊదా కలిసిన ఉబ్బు, అంచు స్పష్టంగా లేచి ఉంటుంది. వాపు కంటే నొప్పి చాలా ఎక్కువ, మంటగా సలుపుతుంది. నొక్కితే గుంట పడదు, చీము ఉండదు. ఎరుపు అంచు బయటికి పాకుతుంటే మధ్యభాగం రంగు తగ్గుతుంది. వేలి చివరి కణుపుకు తరచుగా ఇది పాకదు, గోరుచుట్టుకు దీనికి తేడా అక్కడే. చాలామందిలో 3–4 వారాల్లో తనంతట తగ్గుతుంది. అయినా మందు వాడాలి, ఎందుకంటే కొద్దిమందిలో రక్తంలోకి పోయి గుండె కవాటాన్ని, ముఖ్యంగా బృహద్ధమని కవాటాన్ని పాడుచేస్తుంది.

చీము ఉందనుకుని కోయకండి. బయటికి ఏమీ రాదు, మానడం ఆలస్యమవుతుంది. మందు మామూలు పెన్సిలిన్ కుటుంబమే: పెద్దవాళ్లకు అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 7 నుంచి 10 రోజులు. పెన్సిలిన్ పడనివాళ్లకు క్లిండామైసిన్ లేదా ఫ్లోరోక్వినొలోన్ ఇస్తారు. ఒక ఉచ్చు ఉంది: ఈ బ్యాక్టీరియాకు వాంకోమైసిన్ పుట్టుకతోనే పనిచేయదు. గుండె కవాటం ఇన్ఫెక్షన్ అనుమానంతో ఆసుపత్రిలో వాంకోమైసిన్ మాత్రమే మొదలుపెడితే రోగి దిగజారుతూనే ఉంటాడు. "పందులతో పని" అన్న ఒక్కమాట అక్కడ మందు మార్పిస్తుంది.

చెయ్యి తెగినప్పుడు వరస ఇది:

1. పని ఆపి గ్లవ్ విప్పండి. గ్లవ్ మీద నుంచే గుడ్డ చుట్టి కొనసాగించడం అందరూ చేసే పొరపాటు.
2. పారే నీళ్ల కింద సబ్బుతో 10–15 నిమిషాలు కడగండి. గాయాన్ని తెరిచి కడగాలి. నోటితో పీల్చడం, పిండి రక్తం కార్చడం వద్దు. రక్తం ఆగకపోతే ముందు శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టాలి.
3. పోవిడోన్ అయోడిన్ పూసి, ఆరాక, నీళ్లు చొరని ప్లాస్టర్ వేయండి. బ్లీచింగ్ నీళ్లు గాయం మీద పోయకండి, కణాలు చచ్చి గాయం ఇంకా ముదురుతుంది.
4. ఏ గాయం, ఏ పంది, ఏ సమయం అన్నది రిజిస్టర్‌లో రాయండి. వారం తర్వాత జ్వరం వస్తే ఆ ఒక్క వరుసే డాక్టర్‌కు దారి చూపుతుంది.
5. టెటనస్ టీకా ఎప్పుడు పడిందో చూడండి. మురికి గాయమైతే 5 ఏళ్లు దాటితే బూస్టర్ కావాలి.

శుభ్రంగా కడిగిన చిన్న కోతకు ముందస్తు యాంటీబయాటిక్ వద్దు. కీలు దాకా, స్నాయువు దాకా దిగినవి, పంది కరిచినవి వేరు. పంది కాటు లోతుగా ఉంటుంది, రకరకాల బ్యాక్టీరియా కలిసి వస్తాయి. చేతి మీద కాటుకు అమాక్సిసిలిన్‌తో క్లావులానిక్ యాసిడ్ 3–5 రోజులు ఇస్తారు, గాయాన్ని వెంటనే కుట్టేయరు.

ఇక జ్వరం. స్ట్రెప్టోకాకస్ సూయిస్ చాలామందిలో మూడు రోజుల్లోపే బయటపడుతుంది, కొందరిలో గంటల్లోనే. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం. వీటితోపాటు చెవి వినిపించకపోవడం, తూలడం ఉంటే దాదాపు సంతకం పెట్టినట్టే. వినికిడి నష్టం దీని ప్రత్యేకత, చాలాసార్లు శాశ్వతం. కొన్నిసార్లు రోగి "చెవిలో హోరు" అనే మొదట వస్తాడు, చెవి చుక్కలు రాసి పంపేస్తారు. అక్కడే రోజు పోతుంది.

మెనింజైటిస్ అనుమానిస్తే ఆసుపత్రిలో సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు 12 గంటలకోసారి నరంలో, సాధారణంగా 14 రోజులు ఇస్తారు. డెక్సామెథసోన్‌ను మొదటి యాంటీబయాటిక్ మోతాదుకు ముందు లేదా దానితోనే ఇవ్వాలి, వియత్నాంలో జరిగిన ట్రయల్‌లో ఇది వినికిడి నష్టాన్ని తగ్గించింది. స్కాన్ కోసం, నడుము నీరు (వెన్నులోంచి పరీక్షకు తీసే ద్రవం) తీయడం కోసం యాంటీబయాటిక్‌ను గంటలకొద్దీ ఆపకూడదు. ముందు రక్తం కల్చర్‌కు తీసి మందు మొదలుపెట్టాలి.

ప్లీహం తీసేసినవాళ్లు, కాలేయం దెబ్బతిన్నవాళ్లు, బాగా తాగేవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు కత్తి పనికి, చచ్చిన పందుల పనికి దూరంగా ఉండాలి. వీళ్లలో ఇదే బ్యాక్టీరియా మెదడు దాకా పోకుండానే కొన్ని గంటల్లో షాక్‌లోకి తీసుకెళ్తుంది, ఒంటి మీద ఊదారంగు మచ్చలు పడతాయి. రక్తం ఎక్కించుకుంటూ ఒంట్లో ఇనుము పేరుకున్నవాళ్లకు యెర్సీనియా రక్తంలోకి పోయే ముప్పు ఎక్కువ.

పనివాళ్ల జేబులో ఒక కార్డు ఉంచండి. నాలుగు వరుసలు చాలు:

"నేను పందులతో పనిచేస్తాను.
జ్వరం, తలనొప్పి, వినికిడి తగ్గడం ఉంటే: స్ట్రెప్టోకాకస్ సూయిస్ చూడండి.
వారాల తరబడి జ్వరం, చెమట, నడుంనొప్పి, వృషణం వాపు ఉంటే: బ్రూసెల్లా చూడండి, ల్యాబ్‌కు ముందే చెప్పండి.
జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబారడం ఉంటే: లెప్టోస్పైరా చూడండి."

---

ల్యాబ్_బెంచ్

కార్డులో "ల్యాబ్‌కు ముందే చెప్పండి" అన్నది చాలా ముఖ్యం, మూడు కారణాలు చెబుతాను.

ఒకటి, బ్రూసెల్లా ల్యాబ్ సిబ్బందికే సోకుతుంది. ప్లేటు మూత తీసి వాసన చూసినా, బయోసేఫ్టీ క్యాబినెట్ బయట కాలనీని కలిపినా చాలు. గ్రామ్ స్టెయిన్‌లో (బ్యాక్టీరియాకు రంగు వేసి చూసే పరీక్షలో) ఇసుక రేణువుల్లా చిన్న గ్రామ్ నెగటివ్ కోకోబాసిల్లై, యూరియేజ్ త్వరగా పాజిటివ్. ఆటోమేటిక్ మెషీన్లు దీన్ని వేరే బ్యాక్టీరియాగా, ఓక్రోబ్యాక్ట్రమ్ అనో, సైక్రోబ్యాక్టర్ అనో చెప్పిన సందర్భాలున్నాయి. "పందులతో పని, పందులు ఈసుకుపోతున్నాయి (గర్భం పోతోంది)" అని ఫారంలో ఉంటే ఆ ప్లేటును ఎవరూ బల్ల మీద తెరవరు. సిబ్బందికి అలా సోకే ప్రమాదం ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ 21 రోజులు ఇచ్చి, 24 వారాల వరకు రక్తపరీక్షలు చేస్తారు. ఒక్క వరుస రాయనందుకు ఇంత పని.

రెండు, స్ట్రెప్టోకాకస్ సూయిస్ తప్పుగా గుర్తింపు పొందుతుంది. జంటలుగా కనిపించే గ్రామ్ పాజిటివ్ కోకై, రక్తం ప్లేటు మీద ఆల్ఫా హీమోలైసిస్. చూడగానే న్యూమోకాకస్ అనుకుంటారు. న్యూమోకాకస్‌ను గుర్తించడానికి వాడే ఆప్టోచిన్ మందుకు లొంగకపోతే "విరిడాన్స్ (నోట్లో మామూలుగా ఉండే స్ట్రెప్టోకాకస్), బహుశా కలుషితం" అని పక్కన పెడతారు. మెనింజైటిస్ రోగి నడుము నీటిలో విరిడాన్స్ వచ్చిందంటే, దాన్ని కొట్టిపారేసే ముందు వృత్తి అడగండి. నడుము నీటిలో పీసీఆర్ చేయగలిగితే, యాంటీబయాటిక్ మొదలైన తర్వాత కూడా దొరుకుతుంది.

ఎరిసిపెలోథ్రిక్స్ సన్నని గ్రామ్ పాజిటివ్ కడ్డీ, రంగు తేలిగ్గా వదిలేస్తుంది కనుక నెగటివ్‌లా కనిపించి మోసం చేస్తుంది. టీఎస్ఐ మాధ్యమంలో హైడ్రోజన్ సల్ఫైడ్ నలుపు వస్తే గ్రామ్ పాజిటివ్ కడ్డీల్లో దాదాపు ఇదే. వేలి పైపైన స్వాబ్ రాసి పంపకండి, అది చర్మం లోతులో ఉంటుంది. ఎరుపు పాకుతున్న అంచు నుంచి పూర్తి మందంలో చిన్న బయాప్సీ కావాలి.

మూడు, యెర్సీనియాను ప్రత్యేకంగా అడిగితేనే వెతుకుతారు. మామూలు మలం కల్చర్‌లో 37 డిగ్రీల దగ్గర ఇది మిగతావాటి కింద మునిగిపోతుంది. యెర్సీనియా కోసం వాడే సీఐఎన్ అగార్ ప్లేటు మీద 25–30 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు పెడితే మధ్యలో ఎర్రచుక్క, చుట్టూ పారదర్శకమైన అంచుతో కాలనీ వస్తుంది. కుడివైపు పొత్తికడుపు నొప్పితో అపెండిసైటిస్‌లా కనిపించి, ఆపరేషన్ బల్ల మీద అపెండిక్స్ బాగానే ఉందని తేలే కేసుల్లో దీని వాటా ఉంది.

బ్రూసెల్లా రక్తపరీక్ష మామూలు అగ్లుటినేషనే, బ్రూసెల్లా సూయిస్ రకాన్నీ పట్టుకుంటుంది. ఒక్క పరీక్ష నెగటివ్ వచ్చిందని ఆపేయకండి, రెండు మూడు వారాలకు మళ్లీ చేయించండి.

---

పంది_వైద్యం

బ్రూసెల్లా ప్రస్తావన వచ్చింది కాబట్టి షెడ్డు వైపు నుంచి: ఆడపందులు వరసగా ఈసుకుపోవడం, పోతుపంది వృషణం వాయడం, పిల్లలు బలహీనంగా పుట్టడం చూస్తే ఆ రోజు నుంచే ఈత పనికి భుజం దాకా గ్లవ్, కళ్లద్దాలు, ఎన్95 మాస్క్. గర్భిణులు అక్కడికి రాకూడదు. మావిని పైపుతో నీళ్లు కొట్టి కాలువలోకి తోయకండి, అలా చేస్తే బ్యాక్టీరియాను గాలిలోకి చిమ్ముతున్నారు. కారని సంచిలో వేసి, పరీక్షకు కావలసిన ముక్కను రెండు సంచుల్లో చల్లగా ల్యాబ్‌కు పంపి, మిగతాది కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. అడవిపందులు కోసే వేటగాళ్లకు బ్రూసెల్లా సూయిస్ ముప్పు పెంపుడు పందుల కంటే ఎక్కువ, అమెరికాలో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో ఇది తెలిసిన సంగతే.

బ్లీచింగ్ లెక్క ఇదిగో. 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాల క్లోరిన్) చాలు. 5 శాతం ద్రవ బ్లీచ్ అయితే లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు. 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే 10 లీటర్లకు 30 గ్రాములు, కలిపి తేరనిచ్చి పైనీళ్లు వాడండి. పాతబడిన పౌడర్‌లో క్లోరిన్ సగం పోయి ఉంటుంది, గడ్డకట్టింది వాడకండి.

కానీ అసలు పని దానికి ముందే ఉంది. పెంట, మేత, రక్తం ఉన్న నేల మీద బ్లీచ్ పోస్తే క్లోరిన్ అంతా వాటితోనే ఖర్చయిపోతుంది, బ్యాక్టీరియా దాకా రాదు. పందులను తీసేసి, పొడిగా గీకి, డిటర్జెంట్ నురుగు పట్టించి 20–30 నిమిషాలు నాననిచ్చి, తక్కువ ప్రెషర్‌తో కడిగి, నేల మీద నిలిచిన నీళ్లు పోయాక అప్పుడు బ్లీచ్. పది నిమిషాలైనా తడిగా ఉండాలి. తర్వాత పూర్తిగా ఆరాలి. లెప్టోస్పైరా ఎండితే చస్తుంది, తడినేల మీద వారాలు బతుకుతుంది, అందుకే ఆరబెట్టడం బ్లీచ్‌తో సమానమైన మందు.

మూత్రం నిలిచిన చోట బ్లీచ్ పోయవద్దు, అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ వాయువు వస్తుంది. యాసిడ్ క్లీనర్‌తో కలిపితే క్లోరిన్ వాయువే. పూర్తిగా శుభ్రం చేయలేని గరుకు నేల అయితే పొటాషియం పెరాక్సీమోనోసల్ఫేట్ రకం మందు 1 శాతం మేలు, మురికిని కొంత తట్టుకుంటుంది. ఎక్కువ ప్రెషర్ పైపుతో కడిగే మనిషికి మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి.

బ్యాక్టీరియా కాదు గానీ ఇక్కడే చెప్పాలి: నూనె కలిపిన టీకా సూది పొరపాటున వేలికి గుచ్చుకుంటే, చుక్కే కదా అని వదిలేయవద్దు. పైకి చిన్న గాటే ఉంటుంది, లోపల వేలి రక్తప్రసరణ ఆగిపోవచ్చు. టీకా కాగితం పట్టుకుని నేరుగా సర్జన్ దగ్గరికి వెళ్లాలి. సూదికి మూత మళ్లీ పెట్టే అలవాటు మాన్పించండి.

---

షెడ్డు_భద్రత

ఎంఆర్ఎస్ఏ ఒక్కటి మిగిలింది. షెడ్డులో పనిచేసేవాళ్లందరికీ ముక్కు పరీక్ష చేయించి, ఉన్నవాళ్లకు మందు వాడించాలా?

---

వార్డు_డ్యూటీ

వద్దు. సీసీ398 ను నెదర్లాండ్స్‌లో పందుల రైతుల్లో గుర్తించినప్పటి నుంచి తెలిసింది ఏమిటంటే, షెడ్డులో పని ఉన్నంతకాలం ముక్కులో మళ్లీ మళ్లీ చేరుతుంది. ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ పెట్టి తీసేసినా వారంలో తిరిగొస్తుంది, ఈలోగా ముపిరోసిన్‌కు లొంగనిది తయారవుతుంది. ఒకరోజు వచ్చి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి మర్నాటికల్లా పోతుంది. ముక్కులో ఉన్నంతమాత్రాన జబ్బు కాదు.

పరీక్ష అర్థవంతంగా ఉండేది ఆపరేషన్‌కు ముందు, ఐసీయూలో చేరేముందు, డయాలిసిస్ మొదలుపెట్టేముందు. అప్పుడు "పందుల షెడ్డులో పని" అని చెప్పి ముక్కు స్వాబ్ ఇవ్వాలి. గడ్డ వచ్చి చీము తీస్తే ఆ చీమును కల్చర్‌కు పంపాలి. ఈ రకం దాదాపు ఎప్పుడూ టెట్రాసైక్లిన్‌కు లొంగదు, కాబట్టి చర్మం ఇన్ఫెక్షన్‌కు అలవాటుగా రాసే డాక్సీసైక్లిన్ ఇక్కడ పనిచేయదు. క్లిండామైసిన్ కూడా చాలాసార్లు అంతే. రిపోర్టు చూసి ఎంచుకోవాలి.

అదే డాక్సీసైక్లిన్ లెప్టోస్పైరాకు మాత్రం మొదటి వరస మందు: తేలికపాటి జబ్బుకు 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 7 రోజులు. కామెర్లు, మూత్రం తగ్గడం, ఆయాసం ఉంటే పెన్సిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్ నరంలో. పరీక్షలో తప్పులు ఎక్కువగా తేదీల దగ్గర జరుగుతాయి. మొదటి వారంలో రక్తం పీసీఆర్‌కు, అదీ యాంటీబయాటిక్‌కు ముందు తీయాలి. యాంటీబాడీ పరీక్ష ఆ వారంలో నెగటివ్ వస్తే దాన్ని నమ్మవద్దు. మొదటి సీరమ్‌ను దాచి, 10–14 రోజుల తర్వాత రెండోది తీసి, రెండూ కలిపి ఒకేసారి ఎంఏటీకి (లెప్టోస్పైరా యాంటీబాడీలను కొలిచే పరీక్షకు) పంపండి. రెండో దానికి రోగి రాడు, జ్వరం తగ్గిపోయి ఉంటుంది కాబట్టి. ఆ తేదీని మీ గాయాల రిజిస్టర్‌లోనే రాసి, పిలిచి పంపే బాధ్యత ఎవరిదో కూడా రాయండి.